పిల్లల కంటి కురుపుకు వేడి మాస్కులు: ఏది కొనాలి, దేన్ని వదిలేయాలి

కనురెప్ప మీద కురుపు లేచిన పిల్లల కోసమని అమ్మే సరుకు చాలానే ఉంది. మైక్రోవేవ్‌లో వేడి చేసే పూసల మాస్కు, జెల్ ప్యాకు, కరెంటు మాస్కు, రెప్పలు తుడిచే వైప్స్, స్ప్రేలు, ‘స్టై’ (కురుపుకు ఇంగ్లిషు పేరు) అని పెద్ద అక్షరాలతో రాసిన చుక్కలు, ఆయింట్‌మెంట్లు. కంటి డాక్టర్లు వీటన్నిటికంటే ముందు చెప్పేది కాపడం. మిగతావి కాపడానికి తోడు, లేదంటే అనవసరపు ఖర్చు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ చోటు కాపడం వస్తువులకే ఇస్తున్నాం, అదీ ఆరేళ్ల లోపు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని. పెద్దవాళ్లకు చక్కగా పనిచేసే మాస్కు మూడేళ్ల పిల్ల ముఖం మీద పనిచేయదు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. రెప్ప అంచున చీముతల వేసి ఒకటి రెండు వారాల్లో పోయే మామూలు కురుపుకు ఏ మాస్కూ కొనక్కర్లేదు. రెండు మెత్తని గుడ్డలు, వేడి నీళ్లు, స్నానం నీళ్ల వేడి చూసే థర్మామీటరు ఉంటే చాలు. వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోయే కెలేజియన్ గడ్డకు మాత్రం ఒక కంటికి సరిపోయే చిన్న పూసల మాస్కు కొనడం మంచిదే. రోజుకు మూడు నాలుగుసార్లు గుడ్డలు మార్చుకుంటూ కూర్చునే ఓపిక రెండో వారానికి ఏ ఇంట్లోనైనా సన్నగిల్లుతుంది. రెండు కళ్లూ కప్పే పెద్ద మాస్కు, కరెంటు మాస్కు చిన్నపిల్లలకు వద్దు.

కొనేముందు అది ఏ గడ్డో చూడండి

మామూలు కురుపు రెప్ప వెంట్రుకల కుదుళ్ల దగ్గర ఉండే చిన్న గ్రంథుల్లో పుడుతుంది. కారణం సూక్ష్మజీవులు, ఎక్కువగా స్టెఫైలోకాకస్ ఆరియస్. అంచు ఎర్రబడుతుంది, ముట్టుకుంటే పిల్లాడు తల వెనక్కి లాగేస్తాడు, రెండు మూడు రోజుల్లో ఒక వెంట్రుక మొదట్లో పసుపు తల కనిపిస్తుంది. రెప్ప మందంలో నిలువుగా వరుసకట్టి ఉండే నూనె గ్రంథుల్లో చీము పడితే అది లోపలి కురుపు. నొప్పి ఇంకా ఎక్కువ, తల లోపలి వైపు తేలుతుంది.

కెలేజియన్ వేరు. అందులో సూక్ష్మజీవుల పాత్ర లేదు. నూనె గ్రంథి మూతి పూడుకుపోయి, బయటికి రావాల్సిన నూనె చుట్టూ ఉన్న కణజాలంలోకి చేరుతుంది. శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూసి చుట్టూ వాపు కడుతుంది. అంచుకు కాస్త దూరంగా, చర్మం కింద పూసలా గట్టిగా తగులుతుంది, నొప్పి ఉండదు. నొప్పితో మొదలైన లోపలి కురుపు చల్లారి కెలేజియన్‌గా మిగిలిపోవడం మామూలే. అందుకే ‘నొప్పి తగ్గింది కానీ గడ్డ అలాగే ఉంది’ అన్న మాట అంత తరచుగా వినిపిస్తుంది.

కాపడం పెట్టకూడని గడ్డలూ ఉన్నాయి. కంటి లోపలి మూలకు కిందగా, ముక్కు పక్కన వాపు ఉండి, ఆ కన్ను ఎప్పుడూ నీరు కారుతుంటే అది రెప్ప కురుపు కాదు, కన్నీటి సంచి ఇన్ఫెక్షన్ కావచ్చు. కనుబొమ్మ బయటి చివర పుట్టినప్పటినుంచీ ఉన్న గట్టి గడ్డ డెర్మాయిడ్ తిత్తి కావచ్చు. మొదటి నెలల్లో పెరుగుతూ వచ్చే ఎర్రటి లేదా నీలి రంగు మచ్చ రక్తనాళాల గడ్డ కావచ్చు. మధ్యలో చిన్న గుంటతో ముత్యంలా మెరిసే పొక్కు మొలస్కం అనే వైరస్ పని. వీటిని డాక్టరు చూడాలి. మూడు నెలల లోపు పసిబిడ్డకు రెప్ప వాస్తే ఇంట్లో ఏమీ ప్రయత్నించకుండా నేరుగా చూపించండి.

ఇంకొక్క హెచ్చరిక, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎరుపు గడ్డ దగ్గర ఆగకుండా రెప్పంతా పాకడం, జ్వరం, కన్ను తెరవలేకపోవడం, కన్ను కదిపితే నొప్పి, కనుగుడ్డు ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండడం, చూపు మందగించడం, ఒకటి రెండుగా కనిపించడం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా మాస్కు పక్కన పడేసి అదే రోజు, రాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్లండి. ఇన్ఫెక్షన్ కంటిగూడులోకి దిగితే గంటలు కూడా లెక్కే.

వేడి చేయాల్సిన పని

పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 నూనె గ్రంథులు ఉంటాయి. అందులో నూనె ఆరోగ్యంగా ఉన్నప్పుడు శరీరపు వేడికే కరిగి ఉంటుంది. పూడిన గ్రంథిలో గట్టిపడుతుంది, కరగడానికి ఇంకాస్త వేడి కావాలి. రెప్ప మీద పెట్టిన వేడి చర్మం, కండరం దాటి గ్రంథిని చేరేలోపు కొంత పోతుంది. కాబట్టి రెప్పను తాకే వస్తువు 40 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉండి, అలా ఐదు నుంచి పది నిమిషాలు నిలవాలి. పెద్దవాళ్ల మాస్కులు 45 దాకా వెళ్తాయి. పిల్లల రెప్ప చర్మం పల్చన, కాలుతున్నదీ లేనిదీ చెప్పే మాట వాళ్లకు ఇంకా రాదు, కాబట్టి 42 దాటనివ్వొద్దు.

ఈ వేడికైనా గట్టి ఋజువులున్నాయా? లోపలి కురుపుకు ఆపరేషన్ కాని వైద్యాల మీద వైద్య పరిశోధనలను కూడగట్టి పరిశీలించే కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షను 2017లో తాజా చేసినప్పుడు, ప్రమాణాలకు తగ్గ ట్రయల్ ఒక్కటీ దొరకలేదు. డాక్టర్లు కాపడం చెప్పేది గ్రంథి ఎలా పనిచేస్తుందో తెలుసు కాబట్టి, సరిగ్గా చేస్తే హాని ఉండదు కాబట్టి. అందువల్ల మాస్కు పెట్టె మీద ‘వైద్య పరీక్షల్లో నిరూపితం’ అని ఉంటే, ఎవరి మీద, ఏ జబ్బుకు అని అడగండి. అలాంటి పరీక్షలు ఎక్కువగా కళ్లు పొడిబారే పెద్దవాళ్ల మీద జరిగినవి.

గుడ్డ, వేడి నీళ్లు

మెత్తని తెల్ల కాటన్ గుడ్డలు రెండు తీసుకుని, నాలుగు మడతలు వేస్తే ఐదారు సెంటీమీటర్ల చదరం వచ్చేలా కత్తిరించండి. తెల్లదైతే చీము గానీ నెత్తురు గానీ అంటితే వెంటనే కనిపిస్తుంది. నీళ్లు 42 డిగ్రీల దగ్గర ఉంచండి. ముంచి, పిండి, ముఖం దగ్గరికి తెచ్చేలోపు ఒకటి రెండు డిగ్రీలు ఎలాగూ పడిపోతుంది. నీళ్లను వెడల్పు మూతి ఉన్న ఫ్లాస్కులో పోసుకుంటే పది నిమిషాలూ మళ్లీ కాచక్కర్లేదు. ఆ ఫ్లాస్కు పిల్లల చేయి అందని చోట ఉండాలి. రెప్ప కాలడం కంటే గిన్నె ఒలికి ఒళ్లు కాలడమే ఎక్కువ ప్రమాదం.

ఒక గుడ్డ రెప్ప మీద ఉంటే రెండోది నీళ్లలో. ప్రతి రెండు నిమిషాలకూ మార్చాలి. తడిగుడ్డ వేడి రెండు నిమిషాల్లో పోతుంది. ఆ తర్వాత అది ఆరుతూ రెప్పను చల్లబరుస్తుంది. ఒకే గుడ్డను పది నిమిషాలు ఆనించి ఉంచితే పనికొచ్చినవి మొదటి రెండు నిమిషాలే. కాపడం పెట్టినా తగ్గలేదని వచ్చేవాళ్ల దగ్గర అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, గుడ్డ ఎన్నిసార్లు మార్చారని.

బొట్టు కారకుండా పిండడం కూడా చిన్న విషయం కాదు. ఒక్క వెచ్చని చుక్క చెంప మీదుగా చెవిలోకి జారిందంటే పిల్లాడు లేచి పరుగెడతాడు, ఆ పూటకు కాపడం అయిపోయినట్టే.

తడిగుడ్డను మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. మడతల మధ్య ఒక్కోచోట నీరు మరిగేంత వేడెక్కుతుంది, పై మడత మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది. ఇలా మైక్రోవేవ్ చేసిన కాపడాలతో రెప్పలు కాలిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

మార్కులు వేయాలంటే గుడ్డకు ధర లేదు, వేడి మీ చేతిలో ఉంటుంది, వాడిన ప్రతిసారీ ఉతకొచ్చు, ఒక కంటికే పెట్టొచ్చు. లోపం ఒక్కటే, మనిషి పక్కనుంచి కదలకూడదు.

పూసల మాస్కు

మంచి రకాల్లో నింపేవి సిలికా, జియోలైట్ లాంటి పదార్థాల సన్నని పూసలు. అవి గాలిలో తేమను పీల్చుకుని, వేడెక్కినప్పుడు వదులుతాయి. అందుకే నీళ్లు తగలకుండానే తడివేడి వస్తుంది, బొట్లు కారవు. రెండు వాడకాల మధ్య పూసలు మళ్లీ తేమ పీల్చుకోవడానికి సమయం కావాలి. వెంటవెంటనే వేడి చేస్తే తేమ అయిపోయి పొడివేడి మిగులుతుంది, మాస్కు అనుకున్నదానికంటే ఎక్కువ కాలుతుంది. మాడు వాసన వచ్చిన మాస్కును మళ్లీ వాడొద్దు. విత్తనాలు, ధాన్యం నింపిన సంచులు ఇంకా త్వరగా మాడతాయి, వేడి కూడా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది.

కొనేటప్పుడు చేత్తో చూడాల్సినవి ఉన్నాయి. పూసల జేబు చుట్టూ ఉన్న కుట్టును రెండు బొటనవేళ్లతో లాగి చూడండి. దారాల మధ్య వెలుతురు కనిపిస్తే వద్దు. కుట్టు విడితే పూసలు కంట్లోకో, నోట్లోకో, ముక్కులోకో పోతాయి. పూసలు ఒక పక్కకు జారిపోకుండా జేబు చిన్న గదులుగా కుట్టి ఉంటే మంచిది, లేకపోతే పడుకోబెట్టగానే పూసలన్నీ చెవి వైపు చేరి రెప్ప మీద ఖాళీ గుడ్డ మిగులుతుంది. తలకు కట్టే పట్టీ ఉంటే కత్తిరించేయండి. చిన్నపిల్లలకు మాస్కు ఎప్పుడూ చేత్తో పట్టుకునే పెట్టాలి. కట్టి వదిలేస్తే వేడి ఎక్కువైనప్పుడు వాళ్లంతట వాళ్లు తీసేసుకోలేరు, పట్టీ మెడకు జారే ప్రమాదమూ ఉంది.

రెండు కళ్ల మాస్కు ఎందుకు వద్దంటున్నామంటే, అది పెద్దవాళ్ల ముఖం కొలతకు కుట్టింది. పిల్ల ముఖం మీద ముక్కు దగ్గర వంతెనలా లేచి నిలబడుతుంది, కంటి లోపలి మూల వైపు గడ్డ ఉంటే అక్కడ అసలు తగలదు. బరువంతా కనుగుడ్డు మీద పడుతుంది. పైగా రెండు కళ్లూ మూసేసరికి చీకటి. మూడేళ్ల పిల్ల భయపడేది వేడికి కాదు, ఆ చీకటికి. ఒక కంటి మాస్కుతో రెండో కన్ను బొమ్మల పుస్తకం మీద ఉంటుంది.

వేడి చేసే విషయంలో ఎక్కువమంది పొరబడేది ఒక్కచోట. పెద్ద మాస్కులకు 20 సెకన్లని రాసి ఉంటుంది. ఒక కంటి మాస్కులో పూసలు సగమే ఉంటాయి కాబట్టి అదే సమయం పెడితే మితిమీరి వేడెక్కుతుంది. దాని సూచనలు దానివే పాటించండి, వాటిలోనూ తక్కువ సమయంతో మొదలెట్టండి. 10 సెకన్లు పెట్టి చూసి, చాలకపోతే 5 సెకన్లు పెంచండి. పొయ్యి వాటేజీ 700 అయితే ఒక లెక్క, 1000 దాటితే ఇంకో లెక్క. అంతకుముందే ఏదైనా వేడి చేసి ఉంటే లోపలి గాజు పళ్లెం వేడిగా ఉంటుంది, అదీ మాస్కుకు ఎక్కుతుంది. మీ పొయ్యికి సరిపడే సమయం తేలాక దాన్ని మాస్కు అంచు మీద చెరగని ఇంకుతో రాసిపెట్టుకుంటే ఇంట్లో ఎవరు వేడి చేసినా ఒకటే.

బయటికి తీశాక బాగా కుదిపి, పరిచి, అర నిమిషం ఆగండి. వేడి చూడ్డానికి అరచేయి పనికిరాదు, పెద్దవాళ్ల చేతులు చాలా వేడికి అలవాటు పడి ఉంటాయి. మీ కన్ను మూసుకుని మీ రెప్ప మీదే అర నిమిషం పెట్టుకోండి. హాయిగా అనిపిస్తే సరే, కాస్త ఎక్కువేమో అనిపించినా ఆగండి. శుభ్రత కోసం మధ్యలో తడి గాజుగుడ్డ వేస్తే వేడి ఇంకా వేగంగా ఎక్కుతుంది, కాబట్టి ఆ గుడ్డతోనే పరీక్షించండి.

ఎంతసేపు వేడి నిలుస్తుందన్నది మాస్కుల మధ్య అసలు తేడా. కొన్న రోజే వేడి చేసి, మధ్యకు మడిచి, మడతలో థర్మామీటరు పెట్టండి. ఐదో నిమిషానికి 38 కిందికి దిగితే ఆ మాస్కు గుడ్డకంటే పెద్ద మేలేమీ కాదు, తిరిగి ఇచ్చేయండి. కాపడం తీశాక రెప్ప గులాబీ రంగులోకి మారి పది నిమిషాల్లో మామూలవడం సహజం. ఎరుపు అరగంట దాటినా, గీతలు గీతలుగా ఉన్నా వేడి ఎక్కువైందని అర్థం.

ఉతికే తొడుగు ఉన్నదే కొనండి. కురుపు పగిలి చీము మాస్కుకు అంటితే తొడుగు తీసి వేడినీళ్లలో ఉతకాలి. తొడుగు లేని మాస్కుకు అంటితే పారేయక తప్పదు. ఇద్దరు పిల్లలుంటే ఎవరిది వాళ్లకే.

మిగతా వేడి వస్తువులు

జెల్ ప్యాకు మొదటి నిమిషంలో మరీ వేడి, నాలుగో నిమిషానికి చల్లన. పెట్టాల్సి వస్తే మైక్రోవేవ్‌లో కాకుండా వేడినీళ్లలో ముంచి వేడి చేయండి. అంచు చీలితే జెల్ కంట్లోకి పోతుంది. కరెంటు మాస్కుల్లో వేడిని కొలిచే సెన్సరు మాస్కు లోపల ఉంటుంది, చర్మం మీద కాదు. అంకెలు పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసినవి, తీగ పిల్లల చేతికి అందుతుంది. ప్యాకెట్ చింపగానే గాలి తగిలి వేడెక్కే ఆవిరి మాస్కుల్లో ఇనుప పొడి ఉంటుంది. వేడిని తగ్గించే వీలు లేదు, సగానికి కత్తిరిస్తే పొడి రాలుతుంది. ఈ మూడింటిలో ఏదీ మేం చిన్నపిల్లలకు చెప్పం.

పిల్లాణ్ణి కూర్చోబెట్టడం

ఎంత మంచి మాస్కు అయినా పిల్లాడు ఐదు నిమిషాలు కదలకుండా ఉంటేనే పనిచేస్తుంది. రెండేళ్ల లోపు వాళ్లకు నిద్ర పట్టిన మొదటి పావుగంట అన్నిటికంటే అనువైన వేళ. ఒళ్లో పడుకోబెట్టుకుని చేత్తో పట్టుకుని పెట్టండి, నిద్రపోతున్నాడు కదా అని మాస్కు వదిలి లేవకండి. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు ముందు చల్లారిన మాస్కును బొమ్మకు పెట్టించి, తర్వాత వాళ్ల చేతికి ఎంత వెచ్చగా ఉందో చూపించి, ఆపైన రెప్ప మీదికి తీసుకెళ్లండి. నాలుగు దాటిన పిల్లలు తామే పట్టుకుంటామంటారు, పట్టుకోనివ్వండి. వాళ్ల చేయి ఉంటే వేడి ఎక్కువైన క్షణంలోనే తీసేస్తారు, అంతకంటే మంచి రక్షణ లేదు.

రోజుకు నాలుగుసార్లు కుదరకపోతే రెండుసార్లు సరిగ్గా పెట్టండి. ఏడుస్తుంటే బలవంతంగా అదిమి పెట్టడం వల్ల కన్ను బిగుసుకుంటుంది, ఒత్తిడి కనుగుడ్డు మీద పడుతుంది, మర్నాడు మాస్కు చూడగానే మళ్లీ ఏడుపు.

వేడి పెట్టిన వెంటనే కెలేజియన్‌కు మెల్లగా నిమరడం ఉంది. చేతులు కడుక్కుని, గోరు తగలకుండా వేలి మెత్తటి భాగంతో పై రెప్పనైతే కిందికి, కింది రెప్పనైతే పైకి, అంటే ఎప్పుడూ వెంట్రుకల వైపుకు, ఐదారుసార్లు. చర్మం ముడతపడేంత ఒత్తిడి చాలు, కనుగుడ్డు నొక్కుకునేంత వద్దు. ఎర్రగా నొప్పిగా ఉన్న కురుపును నిమరకూడదు, పిండకూడదు, సూదితో గుచ్చకూడదు. చీము చుట్టుపక్కల కణజాలంలోకి తోసుకెళ్లి రెప్పంతా వాచేది ఇలాంటప్పుడే. వెంట్రుక పీకడం కొన్ని కురుపుల్లో చీము బయటికి రావడానికి సాయపడుతుంది గానీ, అది డాక్టరు చేతి పని.

వైప్స్, షాంపూ, స్ప్రే

ఒకసారి వచ్చిపోయే కురుపుకు వైప్స్ అక్కర్లేదు. కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో లోపలి మూల నుంచి బయటికి ఒక్కసారి తుడిచి ఆ దూది పడేస్తే సరిపోతుంది. రెప్ప వెంట్రుకల మొదళ్లలో పొట్టు కనిపిస్తూ, కురుపులు మళ్లీ మళ్లీ వచ్చే పిల్లలకే వైప్స్ కొనడంలో అర్థముంది. కొంటే వెనకవైపు చదవండి. టీ ట్రీ ఆయిల్ గానీ, అందులోని టెర్పినెన్-4-ఓల్ గానీ ఉంటే పిల్లలకు వద్దు, కన్ను మండుతుంది. సువాసనలు, ఆల్కహాల్ ఉన్నవీ వద్దు. ఒక కంటికి వాడిన వైప్ రెండో కంటికి వాడొద్దు.

పలుచన చేసిన బేబీ షాంపూ చాలాకాలంగా చెబుతున్న పద్ధతి. పనిచేస్తుంది గానీ, కన్నీటి పొరను కొంత చెడగొడుతుందన్న అనుమానంతో ఇప్పుడు రెప్పల కోసమే చేసిన క్లెన్సర్ల వైపు మొగ్గుతున్నారు. మాకూ అదే సబబనిపిస్తుంది.

హైపోక్లోరస్ యాసిడ్ స్ప్రే 0.01 శాతం చుట్టూ ఉన్నది మృదువుగా ఉంటుంది, మంట తక్కువ. ముఖం మీద కొట్టకుండా దూదిలో కొట్టి తుడవండి. వెలుతురుకు, కాలానికి దాని బలం తగ్గిపోతుంది కాబట్టి తెరిచిన తేదీ సీసా మీద రాయండి. ఇల్లు కడిగే బ్లీచింగ్ ద్రావణం సోడియం హైపోక్లోరైట్, అది వేరు. పేరు దగ్గరగా ఉందని దాన్ని నీళ్లలో కలిపి వాడితే కన్ను కాలుతుంది.

చుక్కలు, ఆయింట్‌మెంట్లు

ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే ‘స్టై’ ఆయింట్‌మెంట్లు కొన్నింటిలో ఉండేది మినరల్ ఆయిల్, తెల్ల పెట్రోలేటం మాత్రమే. రాపిడి తగ్గి కాస్త ఉపశమనం ఉంటుంది, కురుపు మీద పనిచేయదు. పైగా కాపడానికి ముందు రాస్తే జిడ్డుకు మాస్కు తొడుగు పాడవుతుంది. హోమియో చుక్కలను మేం సిఫారసు చేయం. కంట్లో వేసేది ఏదైనా సూక్ష్మజీవులు లేకుండా తయారవ్వాలి. ఆమోదం లేని కంటి మందులు తయారుచేస్తున్న, అమ్ముతున్న 8 సంస్థలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 సెప్టెంబరులో హెచ్చరిక లేఖలు పంపింది.

యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ గురించి అడగనివాళ్లు ఉండరు. మూసుకుని ఉన్న కురుపులోకి పైన రాసిన మందు పెద్దగా దిగదు, కెలేజియన్‌లో చంపాల్సిన సూక్ష్మజీవే లేదు. కురుపు పగిలి కారుతున్నప్పుడు, కళ్లకలక తోడైనప్పుడు, రెప్ప అంచుల వాపు ఉన్నప్పుడు డాక్టరు రాస్తారు. అప్పుడు కింది రెప్ప కొద్దిగా కిందికి లాగి, లోపలి గాడిలో ఒక సెంటీమీటరు పొడవు పూత పెట్టాలి. ట్యూబు మూతి రెప్పకు, వెంట్రుకలకు తగలకూడదు. నిద్రలో పెడితే తేలిక, మెలకువలో పెడితే కొన్ని నిమిషాలు మసకగా కనిపిస్తుంది, ఆ కాసేపు పరుగెత్తనివ్వకండి. తెరిచిన నాలుగు వారాలకు ట్యూబు పారేయండి. చుక్కలైతే వెల్లకిలా పడుకోబెట్టి, కన్ను మూసి ఉండగానే లోపలి మూలలో ఒక చుక్క వేయండి. కన్ను తెరవగానే అదే లోపలికి పోతుంది, రెప్ప బలవంతంగా విప్పక్కర్లేదు.

స్టెరాయిడ్ కలిసిన చుక్కలు డాక్టరు రాయకుండా, ఎవరికో మిగిలింది కదా అని పిల్లలకు వేయొద్దు. ఎరుపు త్వరగా తగ్గుతుంది కాబట్టి బాగా పనిచేసినట్టే అనిపిస్తుంది. పిల్లల కళ్లలో ఒత్తిడి స్టెరాయిడ్‌కు పెద్దవాళ్లకంటే వేగంగా పెరగగలదు. ఎక్కువకాలం వాడితే గ్లకోమా, శుక్లం రెండూ రావచ్చు.

ఆపరేషన్ దాకా వెళ్తే

కాపడం సరిగ్గా పెట్టినా రెండు మూడు నెలలకు గడ్డ తగ్గకపోతే, లేదా చర్మం ఎర్రగా పల్చబడి బయటికి పగిలేలా ఉంటే పిల్లల కంటి డాక్టరుకు చూపించండి. పై రెప్పలో పెద్ద గడ్డ విషయంలో అంతకాలం ఆగకండి. అది కార్నియాను, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొరను, నొక్కి దాని వంపు మారుస్తుంది, కళ్లద్దాల చీటీలో సిలిండర్ అని రాసే పవరు పుడుతుంది. చూపు ఇంకా కుదురుకుంటున్న ఏడెనిమిదేళ్ల లోపు పిల్లల్లో ఇది, లేదా నల్లపాపను కప్పేసే వాపు, ఆ కన్ను బద్ధకించిపోవడానికి దారితీయవచ్చు. అందుకే గడ్డ తీయాలా వద్దా అనేది దాని కొలత మీద ఒక్కటే కాదు, కళ్లద్దాల పరీక్ష చేశాక తేల్చాలి. ఆ పరీక్ష చేయకుండానే ఆపరేషన్ తేదీ ఇస్తే, ముందు పరీక్ష అడగండి.

పని పెద్దది కాదు. రెప్పను ప్రత్యేకమైన క్లాంపుతో తిప్పి, లోపలి వైపు నూనె గ్రంథుల దారికి సమాంతరంగా నిలువుగా చిన్న కోత పెట్టి, చిన్న గరిట లాంటి క్యూరెట్‌తో లోపలున్నది గీకేస్తారు. కోత లోపల కాబట్టి బయటికి మచ్చ కనిపించదు, సాధారణంగా కుట్లు ఉండవు. నిమిషాల పనే అయినా చిన్నపిల్లలకు పూర్తి మత్తు ఇవ్వాలి. కాబట్టి ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు పిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టరు ఉన్నారా, ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలో రాసిస్తున్నారా, మత్తు దిగేదాకా చూసుకునే గది ఉందా అని అడగండి. తర్వాత కొన్ని రోజులు రెప్ప కమిలి ఉంటుంది, వాపు పూర్తిగా దిగడానికి ఇంకొంత కాలం పడుతుంది. వారం చుట్టూ ఆయింట్‌మెంట్ వాడమంటారు.

గడ్డలోకి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇంకో దారి. కోత ఉండదు గానీ సూదికి కదలకుండా ఉండాలి కాబట్టి చిన్నపిల్లలకు మత్తు తప్పడం అరుదు. చర్మం ఛాయ ముదురుగా ఉన్నవాళ్లలో సూది చోట తెల్లమచ్చ పడి నెలల తరబడి ఉండే అవకాశం ఉంది. ఆ మాట ముందే చెప్పే డాక్టరును నమ్మొచ్చు.

ఒక గడ్డ తీశాక పక్క గ్రంథిలో ఇంకోటి లేవడం జరుగుతుంది, అది ఆపరేషన్ వైఫల్యం కాదు. కానీ గడ్డలు వరుసగా వస్తూ, కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక పిల్ల కళ్లు చికిలిస్తుంటే అది రెప్ప అంచులతో పాటు కార్నియాకూ పాకిన వాపు కావచ్చు. అప్పుడు రోజుకోసారి కాపడం, రెప్పలు తుడవడం నెలల పాటు కొనసాగించాలి, డాక్టరు నోటి ద్వారా మందు కూడా ఇవ్వవచ్చు. ఎదిగే పళ్ల రంగు చెడగొడుతుంది కాబట్టి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇలాంటి దీర్ఘకాలపు వాడకానికి డాక్సీసైక్లిన్ బదులు అజిత్రోమైసిన్ లేదా ఎరిత్రోమైసిన్ సిరప్ రాస్తారు. ఇలాంటి పిల్లల ఇళ్లలో పూసల మాస్కుకు పెట్టిన డబ్బు వృథా కాదు. తొడుగులు రెండు కొని ఉంచుకుంటే ఒకటి ఉతుకులో ఉన్నా ఇంకోటి చేతిలో ఉంటుంది.